చక్కెర చుట్ట

చిక్కడపల్లి,
9-2-1997, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి విజయశ్రీని అమ్మ మనసారా దీవించి రాసే సంగతులు.

ఇక్కడ నేను, మీ బాపు బాగున్నాము. నువ్వు, అల్లుడుగారు, బాబు భుసావల్‌లో బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాము. బాగున్నాము అని చెప్పడానికి ఈ ఏడు నెలల నుంచి నాకు నోరు రావడం లేదు. కానీ ఆ మాట లేకుండా మొదలుపెడితే కవరు చించగానే నువ్వు భయపడతావు, అందుకని రాశాను.

అక్షరాలు వంకరగా ఉన్నాయని కూడా భయపడకు. మీ బాపుకు ఏమీ కాలేదు. ఎప్పుడూ నేను చెప్తుంటే ఆయన రాసేవారు కదా, ఈసారి ఆయన ఇంట్లో లేనప్పుడు నేనే రాస్తున్నాను. నాలుగో తరగతిలో బడి మానినదాన్ని, తప్పులుంటే దిద్దుకుని చదువుకో. కాగితాలు మాత్రం ఆయనవే. ప్రెస్సులో మిగిలినవి, వెనకవైపు ఎవరివో పెళ్లిపత్రికలు అచ్చయి ఉన్నాయి. ఏడాది నిండని ఇంటి నుంచి పెళ్లిపత్రిక వెనక ఉత్తరం రాయకూడదేమో. ఇంట్లో వేరే తెల్ల కాగితం దొరకలేదు. తిప్పి చూడకు.

మీ బాపు ఆదివారాలు పొద్దున్నే బయలుదేరి కోఠి దాకా నడిచిపోతున్నారు. మీ తమ్ముడు శ్రావణ్ పడిపోయిన నారాయణగూడ చౌరస్తా తగలకుండా, కవాడిగూడ వైపు తిరిగి, ఎటెటో చుట్టూ తిరిగి పోతారు. అక్కడ పాత పుస్తకాల దగ్గర నిలబడి, ఏమీ కొనకుండా మళ్లీ నడిచి వస్తారు. ఎందుకు పోతున్నారని నేను అడగను. నువ్వూ అడగకు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. బాబుకు దగ్గు తగ్గలేదన్నావు. వామును పెనం మీద వేడి చేసి గుడ్డలో మూట కట్టి ఛాతీకి కాపడం పెట్టు. బాబుకు తగిలించే ముందు నీ మోచేతికి తగిలించి చూసుకో. నా మోకాళ్ల నొప్పులు అట్లాగే ఉన్నాయి. మేడమెట్లు ఎక్కొద్దన్నావు. మొన్న ఒక్కసారే ఎక్కాను. ఎందుకెక్కానో ఈ ఉత్తరంలోనే చెప్తాను, కొంచెం ఓపిక పట్టు.

చిన్నప్పటి సంగతులు రాయమన్నావు. పిల్లవాణ్ని పడుకోబెడుతుంటే మన వాకిలే కళ్లముందు తిరుగుతోందని, ఒక్కొక్కటీ ఉందా పోయిందా చెప్పమని పెద్ద లిస్టే పంపావు. ఐదు వాటాలకు ఒకటే నల్లా ఉండేది కదా, అది ఉంది. కానీ మిగిలినవాళ్లందరూ మోటార్లు పెట్టించుకున్నారు, దాని కింద బిందె పెట్టేది ఇప్పుడు మనమొక్కళ్లమే. మీరిద్దరూ పళ్లు తోముకుంటూ నీళ్లు పుక్కిలించి ఎవరివి దూరం పడ్డాయో గీత గీసుకునే బండ మధ్యకు పగిలింది. గీతలు ఎప్పుడో పోయాయి.

దుర్గయ్య సైకిల్ టాక్సీ దుకాణం పోయింది. అక్కడ ఎస్టీడీ బూత్ పెట్టారు. గంట సైకిల్ కిరాయికి తెచ్చుకుని శ్రావణ్ తొక్కితే నువ్వు వెనక కూర్చునేదానివి. దిగీ దిగకముందే వాడి పంచాయితీ మొదలయ్యేది.

"అమ్మా, దుర్గయ్య తాత గడియారం లోకం కన్న ముందు నడుస్తది! గంటకు ముప్పావు గంటే ఇస్తున్నడు!"

"నా గడియారం మంచిగనే నడుస్తున్నది గని, నీ కాళ్లే ఎన్కకు నడుస్తున్నయ్ ర బిడ్డా," అని దుర్గయ్య అక్కణ్నుంచే అరిచేవాడు.

ఇప్పుడు ఆ బూత్ ముందర స్టూలు వేసుకుని ఊరికే కూర్చుంటాడు. నన్ను చూస్తే తల దించుకుంటాడు. సైకిల్ తొక్కడం నేర్పింది తనే కదా, మోటర్‌సైకిల్ నేర్చుకోవడం కూడా దాని వల్లే జరిగిందని అనుకుంటాడో ఏమో. అట్లా కాదని చెప్దామని రెండుసార్లు ఆగాను. రెండుసార్లూ అట్లాగే వచ్చేశాను.

పిండిగిర్ని ఉంది. కానీ లైను లేదు. అందరూ ప్యాకెట్ పిండి తెచ్చుకుంటున్నారు. మీరు ఇద్దరూ గోధుమల డబ్బా మోసుకుపోయి, మన వంతు వచ్చేదాకా దాని మీదే కూర్చుని, వెచ్చటి పిండి ఒళ్లో పెట్టుకుని వచ్చేవాళ్లు. ఒకరోజు శ్రావణ్ తల నిండా పిండి పోసుకుని, కనుబొమ్మలకు కూడా పూసుకుని, కర్ర పట్టుకుని దగ్గుకుంటూ వచ్చాడు, గుర్తుందా? "నేను ముసలోన్నయిన. ఇగ నన్ను బడికి తోలకు," అన్నాడు. వాడు ముసలివాడయింది ఆ ఒక్క పూటే.

ఆ లిస్టు చివర ఇంకొకటి రాశావు. "చక్కెర చుట్ట గుర్తుందా అమ్మా" అని. మీ బాపు చదివి వినిపిస్తుంటే ఆ మాట దగ్గర నేను లేచి వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద ఏదో మాడుతోందని పోయాననుకున్నారు ఆయన.

ఎందుకు గుర్తుండదు బిడ్డా. కూర లేని పొద్దున వేడివేడి గోధుమరొట్టె మీద నెయ్యి రాసి, చక్కెర చల్లి, చుట్టలా చుట్టి చేతికిచ్చేదాన్ని. మీ మేనత్త బుగ్గమ్మ వదినె వచ్చినప్పుడల్లా వాకిట్లో కూర్చుని చుట్ట తాగేది కదా. శ్రావణ్ ఆమె ఎదురుగా కాలు మీద కాలేసుకుని, రొట్టె చుట్టను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కళ్లు సగం మూసి పొగ వదిలేవాడు.

"ఓ అత్తమ్మా, జర అగ్గిపెట్టె ఇయ్యి. నాది ఆరిపోయింది."

"ఆగు పోరగా, నీ మూతి పండ్లు రాలగొడ్త!" అనేది ఆమె, నవ్వుకు పొర పోయి దగ్గుకుంటూ.

కరిగిన చక్కెర చుట్ట కొస నుంచి మోచేతి దాకా కారేది. వాడు మోచెయ్యి నాకేవాడు. నువ్వు ఛీ అనేదానివి. అని, నీ చుట్ట కొస తుంపి వాడికే ఇచ్చేదానివి. ఒక రొట్టె, ఇంత చక్కెర. అంతకన్నా ఏమీ పెట్టలేనప్పుడు అది పెట్టాను. మీకు అదే పండుగయింది. తరువాత మంచి రోజులు వచ్చాయి, ఉప్మాలు, దోసెలు వచ్చాయి, అది చేయడం నేను మరిచాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ నెల ఇరవై, గురువారం బాబుకు అన్నప్రాశన పెట్టుకున్నామని రాశావు. చాలా సంతోషం. ఏడాది మైల ఉంది కాబట్టి మేము రాకూడదు. దూరం నుంచే దీవిస్తాము. కానీ దాని కిందనే ఇట్లా రాశావు: "తమ్మునికి పిట్టకు పెట్టిననాడు కాకి మొదట సేమియా పాయసమే ముట్టిందని రాసిండ్రు కదా. నెలనెలా ఆ తేదీనాడు నేను అదే వండుతున్న. బాబు నాలుకకు మొదట అదే నాకిస్త. మామ తిని పోయిందే అల్లుడు తింటడు." మీ బాపు ఆ మాటలు చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు.

బిడ్డా, ఆ రోజు కాకి పాయసం ముట్టలేదు. ఏదీ ముట్టలేదు.

నువ్వు నిండు నెలల మీద ఉన్నావు. ప్రయాణం వద్దని డాక్టరమ్మ అంది, చావింటికి రావద్దని పెద్దలన్నారు. నీ కళ్లతో చూసుకోలేదు కాబట్టి నేను చూసింది ఉన్నదున్నట్టు రాస్తాను. మూడోనాడు పొద్దున బుగ్గమ్మ వదినె, మన వాటాల ఆడవాళ్లు కలిసి వాడికిష్టమైనవన్నీ వండారు. బగారన్నం, కోడికూర, పూరీలు, పాయసం. చౌరస్తా బండి మీది మిరపకాయ బజ్జీలు కూడా తెప్పించారు. శ్మశానంలో గోడ మీద విస్తరి పరిచి అన్నీ వడ్డించాము. వాడి స్నేహితులు ఒక సోడా సీసా తెచ్చి పక్కన పెట్టారు. ఒకతను భయపడుతూ భయపడుతూ ఒక సిగరెట్టు కూడా పెట్టాడు. వదినె ముక్కు మీద వేలేసుకుంది.

"గీడు సిగరెట్ తాగుతుండెనా? నాకు చెప్తే నా చుట్టల్నే ఒకటిస్తుంటి గద ర కొడకా!"

అంత ఏడుపులోనూ నలుగురు నవ్వారు. వాడు సిగరెట్టు తాగుతాడని నాకు అప్పుడే తెలిసింది. ఇరవై నాలుగేళ్లు నా చేతి అన్నం తిన్నవాడు ఏం తాగేవాడో నాకు తెలియదు.

దూరంగా జరిగి నిలబడ్డాము. కాకులు లేక కాదు, చెట్టు నిండా ఉన్నాయి. ఒకటి దిగివచ్చింది. విస్తరి చుట్టూ నడిచింది, అన్నిటి వైపూ చూసింది, మళ్లీ ఎగిరిపోయి కొమ్మ మీద కూర్చుంది. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందనే కదా. ఒక్కొక్కరే ముందుకుపోయి మాటిచ్చారు.

"నీ అక్కకు పురుడు మంచిగ చేయిస్త ర నాయనా. ఆమె రంది పెట్టుకోకు. వచ్చి తిను," అన్నారు మీ బాపు. ఆయన గొంతు అట్లా ఎప్పుడూ వినలేదు నేను.

"అమ్మను, బాపును మేము చూసుకుంటం ర శ్రావణ్. తిను ర," అన్నారు స్నేహితులు.

కాకి రాలేదు. గంట అయింది. అప్పుడు బుగ్గమ్మ వదినె చేతులు జోడించి మా అందరి వైపు తిరిగింది.

"పోరని మనసుల ఏమున్నదో ఎవ్వరికన్న ఎరుకుంటే నోరు తెరువుండ్రి. నా బిడ్డ ఆకలితోని కూసున్నడు."

నాకు ఎరుకే. నేను నోరు తెరవలేదు.

ఎండ నెత్తి మీదికి వచ్చాక ఇక చాలని పెద్దలు ఆ విస్తరి ఆవుకు పెట్టించారు. తిరిగి వస్తుంటే వదినె అంది, "కడుపుతోని ఉన్న పిల్లకు గీ ముచ్చట వద్దు. పాయసం ముట్టిందని రాయుండ్రి." ఇంటికి వచ్చాక నేను చెప్పాను, మీ బాపు రాశారు. రాసే ముందు కలం ఆపి ఒకసారి నా వైపు చూశారు. రాయండి అన్నాను. ఇంతవరకు మీ బాపుకూ తెలుసు, వదినెకూ తెలుసు. ఇక రాయబోయేది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

వాడు పోయిన రోజు పొద్దున నేను నల్లా దగ్గర బిందెలు పట్టుకుంటున్నాను. వాడు కిటికీకి అద్దం ఆనించి గడ్డం గీసుకుంటున్నాడు.

"అమ్మా, చక్కెర చుట్ట చెయ్యవే. మస్తు రోజులైంది."

"ఉప్మా చేసిన. తిని పో."

"ఉప్మా రోజు ఉండేదే. ఒక్కటంటే ఒక్కటే చెయ్యి."

"మూతికి సబ్బు, చేతుల బ్లేడు, గిప్పుడు నీకు చక్కెర చుట్ట కావాల్నా? ఎవరన్న ఇంటే పిల్లనియ్యరు."

"వచ్చే పిల్లకు గూడ నువ్వే చేసి పెడుదువు తియ్."

"జరుగు, నల్లా బందయితది. సాయంత్రం చేస్త."

"నీ సాయంత్రాలు నాకెరుక లేవా? కాయితం మీద రాసియ్యి."

"రాసుడే వస్తే నీకు వండుకుంట ఎందుకు కూసుంట? పో, ఆలస్యమైతున్నది."

నవ్వుకుంటూ పోయాడు. ఉప్మా తినలేదు. రెండు బిందెలు నిండాయి, మూడోది సగంలో ఉండగానే నల్లా ఆగిపోయింది. ఆ సగం బిందె నీళ్లే సాయంత్రం ఎవరో నా మొహం మీద చల్లారు.

నేను ఊరికే అనలేదు బిడ్డా. సాయంత్రం ఐదింటికి నిజంగానే పిండి కలిపాను. మెత్తగా రావాలని గోరువెచ్చటి పాలు పోసి కలిపాను. చేతులకు పిండి ఉండగానే అశోక్‌నగర్‌లో వాడు పనిచేసే కంప్యూటర్ టైపు దుకాణం వాళ్లు వచ్చారు. చౌరస్తా అన్నారు, లారీ అన్నారు. ఇంకేమీ నాకు వినిపించలేదు. నా చేతుల పిండి ఎవరు కడిగారో కూడా తెలియదు.

మూడోనాడు వంటకు గిన్నెలు తీస్తుంటే ఆ పిండి వదినె కంటబడింది. మూత కింద పులిసి, పైన నల్లబడి ఉంది. "ఎవ్వరు కలిపిండ్రే గీ పిండి? ముక్కులు పగులుతున్నయ్," అంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఆమె తీసుకుపోయి మోరీలో పారబోసింది.

అప్పుడన్నా చెప్పి ఉంటే ఇంత కొత్త పిండి కలిపి ఒక్క రొట్టె కాల్చేవాళ్లం. వాడు తిని పోయేవాడేమో. శ్మశానంలో వదినె అడిగినప్పుడన్నా చెప్పాల్సింది. చెప్తే అందరూ ఏమంటారని నిలబడిపోయాను. కొడుకు నోరు తెరిచి ఒక్క రొట్టె అడిగితే తల్లి నీళ్లు పట్టుకుంటూ పొమ్మన్నదట అంటారు కదా. అది నిజమే కదా. వాడు ఆకలితో కొమ్మ మీద కూర్చున్నాడని తెలిసి కూడా నా మొహం దాచుకున్నాను. ఇరవై నాలుగేళ్లలో వాడు అడిగింది పెట్టని రోజులు ఎన్నో ఉన్నాయి, అవేవీ నాకు గుర్తు రావు. ఈ ఒక్క పొద్దు మాత్రం నిద్ర లేచిన దగ్గర నుంచి నా వెంట తిరుగుతోంది. నల్లా తిప్పితే చాలు, వాడి మాట వినిపిస్తుంది.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, మొన్న గురువారం, మీ బాపు ప్రెస్సుకు పోయాక గిర్నికి పోయి పిండి పట్టించుకొచ్చాను. ఏడు నెలల తరువాత రొట్టె చేశాను. కాల్చి, నెయ్యి గిన్నెతో పాటు పళ్లెంలో పెట్టుకుని, చక్కెర డబ్బా చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ మేడ ఎక్కాను. మెట్టు మెట్టుకూ ఆగాల్సి వచ్చింది. పైకి పోయాక నెయ్యి రాసి, చక్కెర చల్లి, చుట్ట చుట్టి పిట్టగోడ మీద పెట్టాను.

ఒక కాకి వచ్చి పక్కింటి టీవీ ఏంటెనా మీద కూర్చుంది. అందరిలా నేనూ ఏదో ఒక మాట ఇవ్వాలి కదా. ఏమని ఇవ్వను? చేస్త అనే మాట ఒకసారి ఇచ్చి ఉన్నాను. అదే మాట మళ్లీ చెప్పడానికి నోరు పెగలలేదు. కాకి మెడ అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అశోక్‌నగర్ వైపు ఎగిరిపోయింది. ఎండ వాలేదాకా అక్కడే కూర్చున్నాను. ఇంకొకటి రాలేదు. వచ్చింది వాడో, ఊరికే ఒక కాకో నాకు తెలియదు. ఎవరినీ అడగలేను కూడా.

రొట్టె కిందికి తెచ్చి గిన్నె బోర్లించాను. సాయంత్రం మీ బాపు చూశారు.

"గిదేంది, చక్కెర చుట్టనా?"

"ఊకనే చేసిన."

సగం తిన్నారు. "చక్కెర కరగలే. పండ్ల కింద ఇసుక లెక్క అయితున్నది," అన్నారు. కొంచెంసేపు చేతిలో ఉన్నదాన్నే చూసి, మెల్లగా అడిగారు.

"వాడు అడిగిండా?"

"లేదు," అన్నాను.

ఆయన మిగిలిన సగాన్ని ప్రెస్సు కాగితంలో పొట్లం కట్టి వాడి అద్దం వెనక పెట్టారు. ఇవ్వాళ పొద్దున ఆ పొట్లం తీసి చొక్కా జేబులో పెట్టుకోవడం చూశాను. వాకిలి దాటాక కవాడిగూడ వైపు తిరగలేదు. నారాయణగూడ వైపే తిరిగారు. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. పిలుద్దామనుకున్నాను, పిలవలేదు. పోయి రెండు గంటలయింది. ఆయన వచ్చేలోగా ఈ ఉత్తరం అయిపోవాలని గబగబా రాస్తున్నాను.

బాబుకు పాయసం పెట్టొద్దని చెప్పే ముఖం నాకు లేదు. కానీ మామ తిని పోయాడని చెప్పి మాత్రం పెట్టకు. నా అబద్ధం బాబు మొదటి ముద్ద కాకూడదు. ఏం పెట్టాలో నువ్వే ఆలోచించుకో, నాకేమీ తోచడం లేదు. మీ బాపుకు చెప్పాలా వద్దా అన్నది కూడా నువ్వే రాయి. ఈసారి నీ జవాబు ఆయన చేతికి ఇవ్వకుండా నేనే కూడబలుక్కుని చదువుకుంటాను. నన్ను ఎన్ని మాటలైనా అను, పడతాను. ఉత్తరం రాయడం మాత్రం మానకు. అల్లుడుగారికి మా దీవెనలు.

బాబు పెద్దవాడై ఏదన్నా అడిగితే అప్పటికప్పుడు చేసి పెట్టు. నల్లా పోతే పోనీ. చక్కెర చుట్ట అడిగితే, రొట్టె ఇంకా పెనం మీద ఉండగానే చక్కెర చల్లాలి. దించాక చల్లితే కరగదు. అది నాకు మేడ మీదికి పోయాక గుర్తొచ్చింది.

ఇట్లు,
వాకిట్లో మీ బాపు కోసం చూస్తున్న
మీ ఇద్దరి అమ్మ.